తెర మీది బండి.. రోడ్డెక్కేదెలా?

బుల్లితెర ట్రక్కు నుంచి ‘బుజ్జి’ దాకా.. తయారీ వెనుక కథ
చాసిస్‌కు కోత పెట్టే ముందే నిబంధనలు తెలుసుకోవాలి

బాలాపూర్ (ఇబ్రహీంపట్నం): కథానాయకుడితో పాటు అతడు నడిపే బండి కూడా ప్రేక్షకుల మనసులో నిలిచిపోవడం తెలుగువారికి కొత్త కాదు. ఫ్యాక్షన్ చిత్రాల కాలంలో గాల్లోకి లేచిన సుమోలను, 2002లో వచ్చిన ‘ఆది’ చిత్రంలోని సుమోల దృశ్యాన్ని అభిమానులు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. 2024లో ఆ స్థానాన్ని ‘బుజ్జి’ ఆక్రమించింది. అమెరికాలో 1980వ దశకంలో ఇటువంటి ఆదరణే ఒక పికప్ ట్రక్కుకు దక్కింది. నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ ట్రక్కును అచ్చు గుద్దినట్లు మళ్లీ తయారు చేసుకుంటున్న అభిమానులు అక్కడ ఉన్నారు.

పాత జీపునో, పికప్‌నో కొని తెర మీది బండిలా తీర్చిదిద్దుకోవాలనే కోరిక మన యువతలోనూ కనిపించేదే. డెంటింగ్, వెల్డింగ్, లేత్ పనుల్లో చేయి తిరిగిన మేస్త్రీలకు ఇక్కడ కొదవ లేదు. అయితే తెర మీది బండి కెమెరా కోసం పుట్టినది. రోడ్డు మీది బండి చట్టానికి, భద్రతకు లోబడవలసినది. ఈ తేడా తెలియకుండా పనికి దిగితే పెట్టిన డబ్బు, పడిన శ్రమ వృథా కావడమే గాక రిజిస్ట్రేషన్ సైతం చేజారే ప్రమాదం ఉంది. అసలు ఇటువంటి వాహనాలు ఎలా తయారవుతాయి? మనవద్ద ఎంతవరకు అనుమతి ఉంది? ఒకసారి పరిశీలిస్తే..

స్టంట్‌మన్ ట్రక్కు

అమెరికాలోని ఏబీసీ టెలివిజన్ 1981 నుంచి 1986 వరకు ‘ది ఫాల్ గై’ అనే ధారావాహికను ప్రసారం చేసింది. గ్లెన్ ఎ. లార్సన్ దీని సృష్టికర్త. మాట్లాడే కారుతో పేరు పొందిన ‘నైట్ రైడర్’ను రూపొందించిన వారిలోనూ ఆయనే ముఖ్యుడు. సినిమాలలో స్టంట్లు చేస్తూ, మిగిలిన సమయంలో పరారీలో ఉన్న నిందితులను పట్టి ఇచ్చే కోల్ట్ సీవర్స్ పాత్రను లీ మేజర్స్ పోషించారు. ఆయన నడిపిన వాహనం జీఎంసీ సంస్థకు చెందిన నాలుగు చక్రాల డ్రైవ్ పికప్. గోధుమ, బంగారు రంగుల మేళవింపు, బానెట్‌పై గద్ద బొమ్మ, పెద్ద టైర్లు, ముందు భాగంలో ఇనుప రక్షణ చట్రం దాని ఆనవాళ్లు. ఈ ధారావాహిక ఆధారంగా డేవిడ్ లీచ్ దర్శకత్వంలో ర్యాన్ గోస్లింగ్ కథానాయకుడిగా 2024లో చలనచిత్రం రావడంతో ఆ పాత ట్రక్కు కొత్త తరానికీ పరిచయమైంది.

ఒక్కటి కాదు.. అనేకం

ప్రేక్షకుడికి కనిపించేది ఒకే ట్రక్కు. చిత్రీకరణలో వాడినవి మాత్రం అనేకం. గుట్టల మీది నుంచి, వాహనాల మీది నుంచి దూకించిన ప్రతిసారీ ట్రక్కులు తీవ్రంగా దెబ్బతినేవి. వేర్వేరు సంవత్సరాలలో తయారైన బండ్లకు ఒకే రంగు వేసి తెరపై ఒకే బండిగా చూపేవారు.

పికప్ ట్రక్కుకు బరువంతా ముందు భాగంలోనే ఉంటుంది. ఇంజన్ ముందు ఉండగా వెనుక ట్రాలీ ఖాళీగా ఉంటుంది. అటువంటి బండి గాల్లోకి లేస్తే ముక్కు కిందికి వాలి, ముందు చక్రాల మీద, బంపర్ మీద పడుతుంది. చాసిస్ వంగిపోతుంది. ఈ ఇబ్బందిని అధిగమించేందుకు దూకుడు సన్నివేశాల కోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిన ట్రక్కులలో ఇంజన్‌ను ముందు నుంచి తీసి చాసిస్ మధ్య భాగానికి మార్చారు. దానితో బరువు సమతూకమై బండి బల్లపరుపుగా నేలకు దిగేది.

అదే కాలానికి చెందిన ‘డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’ ధారావాహికదీ ఇదే కథ. అందులోని నారింజ రంగు డాడ్జ్ చార్జర్ కార్లను దూకించేందుకు వెనుక డిక్కీలో బరువులు నింపేవారు. 1979 నుంచి 1985 వరకు సాగిన ఆ ధారావాహిక కోసం 300కు పైగా కార్లు వాడారని అంచనా. అంటే తెర మీద వీరోచితంగా కనిపించిన బండి ఒక్క దూకుడుకే పరిమితమైనది. ఆ దూకుడు తర్వాత అది చాలా సందర్భాల్లో తుక్కు కిందికే చేరేది. ప్రతిరూపం తయారు చేయదలచినవారు మొదట గ్రహించవలసిన సత్యం ఇదే.

మన జిల్లాలో ‘బుజ్జి’

తెర కోసం ఊహించిన వాహనాన్ని నిజంగా నడిచే బండిగా తయారు చేసిన పెద్ద ప్రయత్నం తెలుగు చిత్రసీమలోనే జరిగింది. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో ప్రభాస్ కథానాయకుడిగా 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ కోసం ‘బుజ్జి’ని రూపొందించారు. చిత్రంలో ఇది కథానాయకుడితో సంభాషించే వాహనం. దీనికి నటి కీర్తి సురేశ్ గళం అందించారు. విడుదలకు ముందు 2024 మే 22న రంగారెడ్డి జిల్లాలోని రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగిన వేడుకలో ప్రభాస్ స్వయంగా దీనిని నడుపుకుంటూ అభిమానుల ముందుకు వచ్చారు.

ఈ వాహనం కోసం దర్శకుడు 2022 మార్చిలో పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాను సామాజిక మాధ్యమం ద్వారా బహిరంగంగానే సహాయం కోరారు. ఆయన అంగీకరించడంతో చెన్నై సమీపంలోని మహీంద్రా పరిశోధన కేంద్రం ఇంజనీర్లు రంగంలోకి దిగారు. నిర్మాణంలో కోయంబత్తూరుకు చెందిన జయేమ్ ఆటోమోటివ్స్ సంస్థ ప్రధాన భాగస్వామి అయింది. ముందు రెండు భారీ చక్రాలు, వెనుక గోళాకారపు చక్రం అమర్చిన ఈ వాహనం బరువు సుమారు 6 టన్నులు. పొడవు 6 మీటర్లకు పైగా, వెడల్పు 3 మీటర్లకు పైగా ఉంటుంది. విద్యుత్ మోటార్లు, బ్యాటరీతో నడుస్తుంది. దీని శక్తి 94 కిలోవాట్లుగా ప్రకటించారు. అంటే దాదాపు 126 అశ్వశక్తి. మధ్యతరగతి కుటుంబాలు కొనే కార్లలోనూ దాదాపు ఇంత శక్తి కలిగినవి ఉన్నాయి. అయితే 6 టన్నుల బరువును నిలిచి ఉన్న చోటు నుంచి కదిలించాలంటే వేగం కన్నా తిప్పుడు బలం ముఖ్యం. అందుకే ఇటువంటి వాహనాలలో మోటారు వేగాన్ని గేర్ల ద్వారా బాగా తగ్గించి, ఆ మేరకు చక్రం వద్ద బలాన్ని పెంచుతారు. ఎద్దుబండి మెల్లగా సాగినా బస్తాలు మోసినట్లన్నమాట.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం రోడ్డు వాహనం వెడల్పు సాధారణంగా 2.6 మీటర్లు మించరాదు. ‘బుజ్జి’ వెడల్పు అంతకన్నా ఎక్కువ. పెద్ద సంస్థలు, నిపుణులైన ఇంజనీర్లు కలిసి నిర్మించిన వాహనం సైతం చిత్రీకరణ కోసం, ప్రదర్శన కోసం తయారైనదే తప్ప నిత్యం కూరగాయలకో, కార్యాలయానికో వెళ్లి వచ్చే బండి కాదు.

బహదూర్‌పురాలో మరో దారి

కోట్ల రూపాయల పెట్టుబడి లేకుండా, చేతి పనితనంతోనే వింత వాహనాలు నిర్మించవచ్చని నిరూపించిన వ్యక్తి హైదరాబాద్‌లోనే ఉన్నారు. పాతబస్తీలోని బహదూర్‌పురాలో, జంతు ప్రదర్శనశాలకు చేరువలో ఉన్న సుధా కార్స్ మ్యూజియం కె.సుధాకర్ యాదవ్ సృష్టి. చిన్ననాటి నుంచే బండ్ల తయారీపై మక్కువ పెంచుకున్న ఆయన పాత సామగ్రిని, తుక్కును వాడి బూటు, క్రికెట్ బ్యాటు, బర్గర్, స్నూకర్ బల్ల వంటి ఆకారాలలో వాహనాలు తయారు చేశారు. ఇవి కేవలం బొమ్మలు కావు. ఇంజన్‌తో నడిచేవి. 2005లో ఆయన నిర్మించిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తయిన మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. 2010లో మ్యూజియం ప్రారంభమైంది.

ఆ బండ్లలో ఏదీ తాను మామూలు కారునని చెప్పుకోదు. అవి ప్రదర్శన కోసమే పుట్టాయి, ప్రదర్శనశాలలోనే ఉన్నాయి. సందర్శకులు టికెట్ కొని మరీ చూస్తున్నారు. బండిని రోడ్డు కోసం చేస్తున్నామా, ప్రదర్శన కోసం చేస్తున్నామా అన్నది మొదటే తేల్చుకుంటే ఎంత వింత ఆకారానికైనా చోటు దొరుకుతుందనడానికి ఈ మ్యూజియం ఉదాహరణగా నిలుస్తోంది.

తయారీ ఎలా?

ప్రతిరూపం తయారీలో తొలి మెట్టు మూల వాహనం ఎంపిక. అమెరికా అభిమానులకు ఈ పని సులువు. ‘ఫాల్ గై’ ట్రక్కు దేహాకృతితో జీఎంసీ, షెవర్లే పికప్‌లు 1973 నుంచి 1987 వరకు తయారయ్యాయి. కనుక పాత బండి, విడి భాగాలు, అద్దాలు, తలుపులు అక్కడ దొరుకుతాయి. తుప్పు వదిలించి, రంగు వేసి, గద్ద బొమ్మ అతికిస్తే పని చాలావరకు పూర్తయినట్లే. చాసిస్‌ను తాకే అవసరమే ఉండదు.

మన వద్ద ఆ అవకాశం లేదు. ఆ పొడవాటి ట్రాలీ ట్రక్కు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 131.5 అంగుళాలు. మనవద్ద విరివిగా వాడిన మహీంద్రా సీజే3బీ జీపుకు ఈ దూరం సుమారు 80 అంగుళాలే. జీపును ఆ ట్రక్కుగా మార్చాలంటే చాసిస్‌ను కోసి నాలుగు అడుగులకు పైగా పెంచాలి. అతుకు వేసిన చోటే బరువు, కుదుపులు పడి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేకు పైపులు, స్టీరింగ్ కోణం అన్నీ మార్చవలసి వస్తుంది. చట్టం అభ్యంతరం చెప్పేదీ సరిగ్గా ఇక్కడే. అందువల్ల పొడవు, వెడల్పు దగ్గరగా ఉండే బండిని మూలంగా ఎంచుకోవడమే తెలివైన పని.

ఆ తర్వాత కొలతలు. అసలు బండి అందుబాటులో లేనప్పుడు వేర్వేరు కోణాల చిత్రాలు సేకరించి, తెలిసిన ఒక కొలత ఆధారంగా మిగిలిన కొలతలు లెక్కగడతారు. రేకు కోయడానికి ముందు అట్టతో నమూనా కత్తిరించి బండిపై అమర్చి చూస్తారు. రేకును ముందుగా అక్కడక్కడ చుక్క వెల్డింగుతో నిలిపి, సరిపోయిందనుకున్నాకే పూర్తిగా అతుకుతారు. పుట్టీ, ప్రైమర్, రంగు చివరి దశలు. పుట్టీ మందంగా పూస్తే కొద్దికాలానికే పెచ్చులూడుతుంది. రేకు పని శుభ్రంగా ఉంటే పుట్టీ అవసరం తగ్గుతుందన్నది వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన సూత్రమే.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ఈ విషయంలో కీలకం. తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదని అది స్పష్టం చేస్తోంది. వాహన నిర్మాణంలో మౌలిక లక్షణం మారిపోయేటట్లు చేసే పనినే మార్పుగా చట్టం నిర్వచించింది. ఆమోదం పొందిన కిట్‌తో గ్యాస్ ఇంధనానికి మార్చుకోవడం, దివ్యాంగుల అవసరాలకు అనుగుణంగా మార్చుకోవడం వంటి వాటికి నిబంధనలకు లోబడి మినహాయింపులు ఉన్నాయి.

కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులో ఈ సెక్షన్‌ను విస్పష్టంగా సమర్థించింది. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు భిన్నంగా నిర్మాణాన్ని మార్చిన వాహనాలకు రిజిస్ట్రేషన్ కుదరదని తేల్చిచెప్పింది. అదే ఏడాది చట్టానికి తెచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పునకు రూ.5 వేల చొప్పున జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఒక బండికి నాలుగు మార్పులు చేస్తే జరిమానా రూ.20 వేలకు చేరుతుందన్నమాట.

‘ఫాల్ గై’ ట్రక్కుకు అందం తెచ్చిన ముందు చట్రం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అనుమతి లేని ఇనుప గార్డులపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు సూచించింది. ఢీకొన్నప్పుడు బండి ముందు భాగం నలిగి దెబ్బ తీవ్రతను తగ్గించాలి. ఇనుప గార్డు ఆ దెబ్బను నేరుగా చాసిస్‌కు చేరవేస్తుంది. ఎయిర్‌బ్యాగులు సకాలంలో తెరుచుకోవడానికీ ఆటంకం కావచ్చు. పాదచారులకు మరింత ప్రమాదకరం.

మన వద్ద పికప్‌లు ఎక్కువగా సరకు రవాణా వాహనాలుగా నమోదవుతాయి. వాటికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. రోడ్డు మీద తనిఖీలో తప్పించుకున్నా మార్పు చేసిన బండి ఈ పరీక్షలో చిక్కక తప్పదు. మార్పుల సంగతి బీమా సంస్థకు తెలపకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం విషయంలో వివాదం తలెత్తే అవకాశం ఉంది.

యాభై ఏళ్లు దాటితే..

పాత బండిని పాత రూపానికే తీసుకురావాలనుకునే వారికి మాత్రం చట్టం దారి చూపింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేసుకునేందుకు కేంద్రం 2021 జులైలో నిబంధనలు ప్రకటించింది. వీటి ప్రకారం కొత్త నమోదుకు రుసుం రూ.20 వేలు. తిరిగి నమోదుకు రూ.5 వేలు. పత్రం పదేళ్లు చెల్లుతుంది. నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. అయితే చాసిస్, ఇంజన్, దేహం వంటి వాటిలో గణనీయమైన మార్పులు ఉండరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతుల వంటి పనులకే వీటిని రోడ్డుపైకి తీసుకురావాలి. నిత్య ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు.

ఇక్కడ మూడు మాటల మధ్య తేడా గుర్తించాలి. పునరుద్ధరణ అంటే బండిని దాని సొంత పాత రూపానికి తేవడం. దీనికి చట్టం అడ్డు చెప్పదు. పై మెరుగులు అంటే నిర్మాణాన్ని తాకకుండా రంగు, బొమ్మలతో పోలిక తేవడం. రంగు మారిస్తే రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకోవాలి. మూడోది నిర్మాణ మార్పు. దీనికి రోడ్డుపై చోటు లేదు. ప్రదర్శనశాల, చిత్రీకరణ స్థలం, సొంత ఆవరణ మాత్రమే దానికి తగిన చోట్లు. అటువంటి బండిని ఎక్కడికైనా తీసుకువెళ్లాలంటే లారీపై ఎక్కించుకుని వెళ్లవలసిందే.

టైరు పెరిగితే.. వేగం దాగుతుంది

పెద్ద టైర్లు బిగించడం చాలామంది మొదట చేసే పని. దీని పర్యవసానం లెక్కలోనే తెలుస్తుంది. 28 అంగుళాల టైరు స్థానంలో 31 అంగుళాల టైరు వేస్తే చక్రం ఒక చుట్టుకు సాగే దూరం సుమారు 11 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 60 కిలోమీటర్లు చూపుతున్నప్పుడు బండి వాస్తవంగా 66 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటుంది. బ్రేకులు మాత్రం పాతవే. పెద్ద చక్రాన్ని ఆపడానికి అవి మరింత శ్రమించాలి. అందువల్ల బండి ఆగే దూరం పెరుగుతుంది. ఎత్తు పెంచితే బరువు కేంద్రం పైకి జరిగి మలుపుల్లో బోల్తా పడే ముప్పు ఎక్కువవుతుంది. తెరపై ఈ బండ్లను నడిపింది శిక్షణ పొందిన స్టంట్‌మన్లు. అదీ ఎదురు వాహనాలు లేకుండా మూసివేసిన రోడ్లపై. ఇక్కడ నడిపేది బడి పిల్లలు, ఆటోలు, పశువులు తిరిగే దారులలో.

పని మొదలుపెట్టే ముందు..

* రోడ్డు కోసమా, ప్రదర్శన కోసమా అన్నది ముందే నిర్ణయించుకోవాలి.
* పాత బండి కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ పత్రంలోని చాసిస్, ఇంజన్ నంబర్లను బండిపై ఉన్న వాటితో సరిచూసుకోవాలి. తుప్పు వదిలించేటప్పుడు, రంగు వేసేటప్పుడు చాసిస్ నంబరు చెరిగిపోకుండా చూడాలి.
* సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. గడువు ముగిస్తే పునరుద్ధరించుకున్నాకే రోడ్డెక్కించాలి.
* ఇంజన్, రంగు మార్పుల విషయంలో ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి, నమోదు వివరాలు తెలుసుకోవాలి. బీమా సంస్థకూ తెలపాలి.
* మేస్త్రీతో పని ఒప్పందాన్ని, ఖర్చు అంచనాను కాగితంపై రాసుకోవాలి. నిబంధనలకు విరుద్ధమైన కోతలు చేయబోనని చెప్పగల మేస్త్రీనే ఎంచుకోవాలి.
* బండి పాత రూపం చిత్రాలను, కొన్న విడి భాగాల రసీదులను భద్రపరచుకోవాలి.

ఇంజన్‌ను చాసిస్ మధ్యకు మార్చిన ట్రక్కు ఒక సన్నివేశం కోసం పనికివచ్చింది. ఆరు టన్నుల ‘బుజ్జి’ ఒక చిత్రానికి ప్రాణం పోసింది. సుధాకర్ యాదవ్ చేతిలో రూపుదిద్దుకున్న బండ్లు మ్యూజియానికి జనాన్ని రప్పిస్తున్నాయి. వాటి చోట అవి సార్థకమయ్యాయి. ఇంటి ముందున్న పాత పికప్‌కు గోధుమ, బంగారు రంగులు వేసి, బానెట్‌పై గద్ద బొమ్మ వేయించి, ఆ రంగును పత్రంలో నమోదు చేయించుకుంటే ముచ్చట తీరుతుంది. చాసిస్ జోలికి వెళ్లకుంటే ఆర్సీ కూడా భద్రంగా ఉంటుంది.